బరువు కట్టే చేతులు

కొండ మీది ఊరికి రోడ్డు లేకపోతే బియ్యం బస్తా ఎవరు మోస్తారన్నది నర్సీపట్నం చుట్టుపక్కల చాలా పాత ప్రశ్న. ఇక్కడి నుంచి లంబసింగి వైపు రోడ్డు వేసిన రోజుల్లో మట్టీ రాళ్ళూ మోసింది మన్యం జనమే. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ వాళ్ళకు కూలి సరిగా ముట్టజెప్పకుండా చాకిరీ చేయించుకున్నాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక జనం లేవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. నూరేళ్ళ తర్వాత, 2022 ఏప్రిల్ 4న, ఆయన పేరుతో జిల్లా ఏర్పడింది. నర్సీపట్నం కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఈ రెండు జిల్లాల నడుమ కొండల్లో రోడ్డు ముట్టని ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అక్కడికి ఉప్పూ పప్పూ చేరాలంటే నెత్తి మీదో, కావిడి మీదో, పొట్టి గుర్రం మీదో చేరాలి.

రోడ్లు రావాలి. నిండు చూలాలిని డోలీలో కట్టి కొండ దింపే రోజులు పోవాలి. ఆ మాట గట్టిగా అనుకున్నాకే గుర్రం సంగతికి వస్తున్నాను. ఎందుకంటే పత్రికల్లో ఈ గుర్రం ఎప్పుడు కనబడినా లేమికి గుర్తుగానే కనబడుతుంది. ఫొటో కింద ‘రోడ్డు లేక గుర్రంపై ప్రయాణం’ అని రాస్తారు. ఆ రాతలో అబద్ధమేమీ లేదు. కానీ ఆ ఫొటోలో బస్తాలు కట్టిన తీరు వైపు ఎవరూ చూడరు. గెడ్డలు దాటి, జారుడు బండల మీద మలుపులు తిరిగి, నాలుగైదు గంటలు నడిచినా ఆ బస్తా పక్కకు ఒరగదు, కింద ఉన్న తోలు ఒరుసుకుపోదు. అది చేతికి ఊరికే వచ్చేది కాదు. వడ్రంగి పనినీ నేత పనినీ మెచ్చుకున్నంత మనసారా మెచ్చుకోవలసిన పని అది.

పైగా ఈ పనిలోకి కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఎకరమో రెండెకరాలో కాఫీ వేసుకుని, సిల్వర్ ఓక్ చెట్లకు మిరియం తీగ పాకించి, మధ్యలో పసుపో రాజ్మానో పండించుకునే రైతుకు నవంబరు నుంచి జనవరి దాకా పండు కోత. కోసిన పంటను జీపు ఆగే చోటికి దింపాలి. తిరుగుదారిలో గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపో నుంచి రేషను బియ్యం ఎక్కించుకోవాలి. తండ్రి దగ్గర గుర్రం లేకపోయినా కొడుకు ఒకటి కొంటున్నాడు. కొన్నేళ్ళ కిందట జి.మాడుగుల మండలంలో ఒక కొండ మీది ఊరివాళ్ళు, రోజూ అంత దూరం నడిచి వస్తున్నాడని బడి మాస్టారికి చందాలేసుకుని గుర్రం కొనిపెట్టారు. ఆ వార్త చదివినప్పుడు నాకు సంతోషం వేసింది, వెంటనే ఇంకో ఆలోచనా వచ్చింది. మర్నాటి నుంచి ఆ మాస్టారికి అది ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో, కాలు ఎత్తి ఎలా చూడాలో ఎవరు చెప్పి ఉంటారు? పశువుల్ని పెంచిన ఇంట్లో పుట్టినవాడికి కూడా గుర్రం కొత్తే. ఆవుకూ ఎద్దుకూ చెల్లిన పద్ధతులు దీనికి చాలావరకు చెల్లవు.

చింతపల్లి వైపు ఒక సంత చివర, చింతచెట్టు కింద, ఒక పెద్దాయన తన మేనల్లుడికి బరువు కట్టడం నేర్పుతుంటే చాలాసేపు నిలబడి చూశాను. గుర్రం ఎర్రమన్ను రంగుది, మనిషి భుజం కంటే పొట్టి. ముందు ఆయన బస్తాల జోలికే పోలేదు. గుర్రం వీపు మీద అరచేయి ఆనించి మూపు నుంచి నడుము దాకా మెల్లగా జరిపాడు. గడ్డిపోచ, ఎండిన బురద, చిన్న ముల్లు, ఏది తగిలినా గోటితో తీసి పారేశాడు. రెండోసారి అదే చేతిని కాస్త నొక్కుతూ జరిపాడు. గుర్రం చర్మం ఎక్కడైనా వణికితే, చెవులు వెనక్కి పోతే అక్కడ నొప్పి ఉన్నట్టు. ఎక్కడా వణకలేదు. అప్పుడు గంత తెమ్మన్నాడు.

ఆ గంతను ఏ కొట్టులోనూ అమ్మరు. గోనెగుడ్డతో కుట్టిన రెండు పొడుగాటి దిండ్లు, లోపల వరిగడ్డి కూరి ఉంది. రెంటినీ ముందొక చోట, వెనకొక చోట పట్టీలతో కలిపి కుట్టారు. దిండ్లు చెరో పక్కన పక్కటెముకల మీద కూర్చుంటాయి. వాటి నడుమ, పంట బోదెకు రెండు గట్లు ఉన్నట్టు, వెన్నుపూస పొడుగునా ఖాళీ మిగులుతుంది. ఈ పని మొత్తానికి ప్రాణం ఆ ఖాళీలోనే ఉంది. గుర్రం వెన్నెముక మీద కండ పలుచన, ఎముక మీద తోలు అంతే. అక్కడ బరువు ఆనితే ఒక్క ప్రయాణంలోనే తోలు నలుగుతుంది, రెండో ప్రయాణానికి పుండు పడుతుంది. మూపు మీద లేచిన పుండు లోపలికి చీము పట్టిందంటే నెలల తరబడి మానదు. పక్కటెముకల మీద అయితే వెడల్పాటి కండ ఉంటుంది, బరువు పరుచుకుంటుంది. ఆయన గంత వేశాక ముందు వైపు నుంచి వంగి, ఆ ఖాళీలోంచి తోక దాకా వెలుగు కనబడుతోందా లేదా అని చూశాడు. మేనల్లుణ్ణి కూడా వంగి చూడమన్నాడు. ‘ఎలుతురు కనిపించిందా? బరువెక్కినాక మళ్ళీ సూడాల. అప్పుడూ కనిపించాల’ అన్నాడు.

గంత వేసే తీరులోనూ ఒక మర్మం ఉంది. దాన్ని కావాలనే కాస్త ముందుకు, మెడ వైపుకు వేసి, అక్కడి నుంచి వెనక్కి లాగి చోటులో కూర్చోబెట్టాడు. అలా లాగితే కింద వెంట్రుకలు వాటి వాలునే పడుకుంటాయి. వెనక నుంచి ముందుకు తోస్తే వెంట్రుకలు ఎదురు తిరుగుతాయి, రోజంతా ఆ ఎదురు వెంట్రుక తోలును గీరుతూనే ఉంటుంది. చూసేవాడికి అరక్షణం పని. గుర్రానికి రోజంతటి సుఖం.

తర్వాత పొట్ట కింది తాడు. అది సన్నపు తాడయితే కోసుకుపోతుంది కాబట్టి చేతి వెడల్పున నవారు పట్టీ వాడాడు. మొదటిసారి బిగించినప్పుడు గుర్రం గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. కొత్తవాడు అప్పుడే ముడేసి బిగిసిందనుకుంటాడు, రెండు వందల అడుగులు నడిచేసరికి గంత తిరిగిపోతుంది. పెద్దాయన సగం బిగించి వదిలేశాడు. తాపీగా బస్తాలు సర్దుకుని, గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి, మళ్ళీ వచ్చి పట్టీ బిగించాడు. బిగించాక పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూర్చి చూశాడు. వేళ్ళు నలగకుండా దూరాలి, దూరాక వదులుగా ఆడకూడదు.

ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారుతుంది, దిగేటప్పుడు ముందుకు జారుతుంది. అందుకని ఎదురు రొమ్ముకు అడ్డంగా ఒక పట్టీ, తోక కింద నుంచి ఇంకో తాడు. తోక కింద చర్మం చాలా పలుచన కాబట్టి అక్కడి తాడుకు పాత చీరగుడ్డ మెత్తగా చుట్టి ఉంది. ఆ గుడ్డను చేత్తో పిసికి, చెమటకు గట్టిపడిందని, మేనల్లుడి చేత గెడ్డలో ఉతికించి తెప్పించాడు. సంత చెదిరిపోతోంది, తోటివాళ్ళు బయలుదేరిపోతున్నారు. ఆయన మాత్రం ఆ గుడ్డ తడి పిండే దాకా కదల్లేదు.

డిపో నుంచి వచ్చే బియ్యం బస్తా 50 కిలోలు. దాన్ని అలాగే ఎక్కిస్తే వీపు మధ్యనే కూర్చుంటుంది. అందుకని రెండు సంచుల్లోకి 25 కిలోల చొప్పున పంచారు. తూనిక ఏమీ లేదు. పెద్దాయన రెండు సంచుల్నీ రెండు చేతులతో ఎత్తి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. ఒకదానిలోంచి నాలుగు దోసిళ్ళు తీసి రెండోదానిలో పోశాడు. ఎక్కించడం ఇద్దరూ ఒక్కసారే చెయ్యాలి. ఒక పక్క ముందు ఎక్కిస్తే గంత అటు లాగేస్తుంది, గుర్రం ఆ కాలి మీద తూలుతుంది.

‘ఓ పాలి ఎత్తాల్రా అల్లుడా. నాను హూఁ అన్నాక.’

ఎత్తారు. మేనల్లుడి వైపు సంచి నాలుగు వేళ్ళు కిందకు వేలాడింది.

‘సరిపోనాదా మావా?’

‘నీ కాడ దిగిపోనాది. పైకి లాగు. బరువెప్పుడూ పక్కటెముకల మీదుండాల, పొట్ట మీదికి రాకూడదు. పొట్ట మీద పడితే గాలాడదు దానికి.’

ముళ్ళన్నీ జారుముళ్ళే. కొస ఒక్కటి లాగితే చాలు, మొత్తం ఊడి బస్తాలు కింద పడాలి. గెడ్డ దాటుతూ గుర్రం కాలు జారి నీళ్ళలో పడిందంటే ముడి విప్పుకుంటూ కూర్చునే వ్యవధి ఉండదు. ఆ కొసను ఎప్పుడూ మనిషి నడిచే వైపుకే వదులుతారు, చీకట్లో కూడా చేతికి దొరికేట్టు. నేను చూసిన మొత్తం పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ముడి. గట్టిగా పట్టి ఉంచాలి, అవసరమైన క్షణంలో వదిలేయాలి. ఈ రెండూ ఒకే తాడు చేత చేయించడానికి ఎన్ని తరాల చేతులు పనిచేశాయో.

బరువు ఎంత అన్న విషయంలో చట్టం కూడా ఒకటుంది. పనిచేసే పశువుల మీద క్రూరత్వాన్ని నివారించే 1965 నాటి కేంద్ర నియమాల ప్రకారం పొట్టి గుర్రం మీద 70 కిలోలు దాటకూడదు. కంచరగాడిదకు 200, గాడిదకు 50 అని కూడా అందులోనే ఉంది. రోజు మొత్తం మీద తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా వరసగా ఐదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బరువు కట్టకూడదు. అయితే 70 అన్నది హద్దు, రోజూ మోయించమని కాదు. గుర్రం తన ఒంటి బరువులో అయిదో వంతు దాకా హాయిగా మోస్తుందని అనుభవజ్ఞుల లెక్క. 200 కిలోల గుర్రానికి అది 40 కిలోలు. నిటారు దారిలో, వానాకాలం బురదలో ఇంకా తగ్గించాలి. ఆ చింతచెట్టు కింద పెద్దాయన 50 దగ్గరే ఆపేసి, మిగిలిన ఉప్పూ సబ్బులూ కిరాణా సంచిని తన భుజానికే తగిలించుకున్నాడు.

ఇంత పనీ చేశాక అది బాగా చేశాడో లేదో చెప్పేది గుర్రం ఒళ్ళే. ఇల్లు చేరాక బరువు దింపి గంత తీసి, చెమట చూడాలి. దిండ్లు ఆనిన చోటల్లా ఒకే తీరున తడిసి ఉంటే కట్టుడు కుదిరినట్టు. చుట్టూ తడిగా ఉండి మధ్యలో రూపాయి బిళ్ళంత చోటు పొడిగా కనబడితే జాగ్రత్త పడాలి. అక్కడ ఒత్తిడి ఎక్కువై చెమట కూడా పట్టలేదన్నమాట. మర్నాటికి ఆ చోట దిండులో గడ్డి తీసి పలుచన చెయ్యాలి. ఇది పట్టించుకోకుండా వారాలు గడిస్తే తోలు చిట్లుతుంది. మానినా ఆ మచ్చ మీద వెంట్రుక తెల్లగా మొలుస్తుంది. ముదురు రంగు గుర్రం మూపు పక్కన తెల్లటి చుక్కలు కనబడితే చాలామంది పుట్టుమచ్చ అనుకుంటారు. చాలాసార్లు అది పాత యజమాని కట్టుడు తాలూకు మచ్చ. ఏ పనివాడి తప్పయినా కాలంతో పాటు చెరిగిపోవచ్చు గానీ, బరువు కట్టేవాడి తప్పు ఆ మూగజీవి ఒంటి మీద జీవితాంతం ఉండిపోతుంది.

బరువు దింపగానే గంత చటుక్కున లాగేయకూడదు. పట్టీ వదులు చేసి కాసేపు అలాగే ఉంచాలి. అన్ని గంటలు నొక్కుకుపోయిన చోటికి రక్తం మెల్లగా చేరాలి. తర్వాత గంత తీసి, గడ్డి చుట్టతో వీపంతా రుద్దాలి. గంతను బోర్లించి ఆరబెట్టాలి. తడి గంతను మర్నాడు మళ్ళీ వేయడం పుండును పిలిచి పెట్టుకోవడమే.

వీపు తర్వాత గిట్ట. మైదానంలో ఎద్దులకు నాడాలు కొట్టడం చూసిన రైతుకు గుర్రం గిట్ట చూస్తే తికమక. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండు రేకులు. గుర్రానికి చీలిక లేదు, వంకీ తిరిగిన ఒక్క ఇనుప కమ్మీ. ఆ కమ్మీకి కొట్టే మేకు మొన ఒక వైపు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఆ ఏటవాలు లోపలి వైపుకు పెట్టి కొడితే మేకు పైకి పోతూ పోతూ బయటికి ఒంగి, గిట్ట గోడలోంచి తొంగి చూస్తుంది. తిప్పి పెట్టి కొట్టారా, లోపలి బతికిన కండలోకి దిగుతుంది. తెలిసిన పనివాడు సుత్తి దెబ్బ చప్పుడు వింటూ కొడతాడు. గట్టి గోడలో దిగే మేకుకు ఒక ఖంగుమనే చప్పుడుంటుంది, మెత్తన తగిలితే ఆ చప్పుడు చచ్చుబడుతుంది. వినగానే ఆపి మేకు లాగేస్తాడు. చెవి మీద ఆధారపడిన ఈ పనిని కొత్తవాడు సొంతంగా ప్రయత్నించకూడదు. ఎద్దులకు నాడాలు వేసే మనిషి ఎంత మంచివాడైనా గుర్రం పని తెలుసో లేదో అడగాలి.

మెత్తటి అడవి దారిలో నడిచే గుర్రానికి నాడా లేకుండానే గడిచిపోవచ్చు. అప్పుడూ గిట్ట చూడక తప్పదు. గిట్ట నెలకు సెంటీమీటరు కంటే కాస్త తక్కువ పెరుగుతుంది. పైనుంచి కొసదాకా కొత్త గిట్ట రావడానికి దాదాపు ఏడాది. పెరిగినంతా దారిలోనే అరిగిపోతే సరే, లేకపోతే ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కి ఆకురాయితో సాపు చెయ్యాలి. రోజూ సాయంత్రం నాలుగు కాళ్ళూ ఎత్తి, మొండి కొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకు గీకి, ఇరుక్కున్న రాయినీ లద్దెనూ తీయాలి. గిట్ట అడుగున మధ్యలో మూడు మూలల మెత్తటి భాగం ఒకటుంటుంది. అడుగేసినప్పుడల్లా అది నొక్కుకుని కాలికి వచ్చే దెబ్బను కాస్తుంది. వానాకాలంలో, బురదలో కట్టేస్తే అదే ముందు కుళ్ళుతుంది. నల్లటి జిగురు, ముక్కు మూసుకునే వాసన. మన్యంలో జూన్ నుంచి అక్టోబరు దాకా నేల ఆరదు కాబట్టి గుర్రం నిలబడే చోటు ఒక్కటైనా ఎత్తుగా, పొడిగా ఉండాలి. పైకప్పు తాటాకుదైనా ఫరవాలేదు.

ఇక మేత. ఎద్దు తిన్నది పొట్టలో నిలవ చేసుకుని, తీరిగ్గా నెమరేసుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు, పెద్ద కడుపూ లేదు. ఒంటితో పోలిస్తే చిన్న కడుపు దానిది. కొంచెం కొంచెంగా రోజంతా మేసేట్టు పుట్టింది. ఉదయం ఒక గంపెడు, సాయంత్రం ఒక గంపెడు పడేస్తే ఎద్దు బతుకుతుంది. గుర్రానికి కడుపునొప్పి వస్తుంది. దానికి వాంతి రాదు. లోపల పులిసిన మేత పైకి వచ్చే దారి లేదు కాబట్టి ఆ నొప్పి చావు దాకా వెళ్ళగలదు. పదే పదే పక్కకు తిరిగి పొట్ట వైపు చూడడం, ముందు కాలితో నేల గీకడం, పడుకుని దొర్లడం, లద్దె వేయకపోవడం కనబడితే తెల్లారనిద్దాం అనుకోకుండా పశువైద్యుడికి ఫోన్ చెయ్యాలి.

200 కిలోల గుర్రానికి రోజుకు ఎండుగడ్డి లెక్కన నాలుగు కిలోలు కావాలి. అందులో ఎక్కువ భాగం పచ్చి గడ్డో మంచి ఎండుగడ్డో అయితే మేలు. వట్టి వరిగడ్డి మీదే ఉంచితే సత్తువ రాదు, నీళ్ళు చాలకపోతే అది పేగులో గడ్డకట్టుకుంటుంది కూడా. నీళ్ళు రోజుకు ఇరవై లీటర్ల దాకా తాగుతుంది, పనిచేసిన రోజు ఇంకా ఎక్కువ. ఉలవలు మనవాళ్ళు తరతరాలుగా గుర్రానికి పెడుతున్నదే. నానబెట్టో ఉడకబెట్టో పెట్టాలి, కొద్దిగా మొదలుపెట్టి పెంచాలి, పని లేని రోజు తగ్గించాలి. ప్రేమ కొద్దీ ఒక్కసారే తట్టెడు గింజ పెడితే గిట్టల లోపల వాపు వచ్చి గుర్రం నిలబడలేకపోతుంది. తవుడు చవగ్గా దొరుకుతుందని అదే పెట్టేవాళ్ళున్నారు. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. చాలని సున్నాన్ని ఒళ్ళు ఎముకల్లోంచి లాక్కుంటుంది, కొన్ని నెలలకు దవడ ఎముకలు ఉబ్బుతాయి. తవుడు కొంచెంగానే ఉండాలి. ఉప్పు గడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

కొత్తవాళ్ళకు ప్రాణం మీదికి తెచ్చే సంగతి ఇంకొకటి చెప్పాలి. మైదానంలో కోళ్ళ ఫారాలు ఎక్కువ. మిగిలిపోయిన కోళ్ళ మేత బస్తా చవగ్గా వచ్చిందని గుర్రానికి పోయకండి. కోళ్ళకు వచ్చే ఒక రోగం రాకుండా చాలా మేతల్లో మోనెన్సిన్ లాంటి మందు కలుపుతారు. కోడికి మేలు చేసే ఆ మందు గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, కొద్దిపాటి మోతాదే చంపేస్తుంది. కొన్ని పశువుల దాణాల్లో కూడా అది ఉంటుంది. బస్తా మీద ఏముందో చదివించుకోకుండా దాణా మార్చకూడదు. ఆముదం గింజలు, గన్నేరు ఆకు కూడా గుర్రానికి విషాలే. కట్టేసే చోట ఆ మొక్కలు లేకుండా చూసుకోవాలి.

రోగాల విషయం ఇక్కడ క్లుప్తంగానే చెప్తాను, అది డాక్టరు చేతి పని. ధనుర్వాతం గుర్రాన్ని పట్టినంత సులువుగా ఇంకే పెంపుడు జంతువునూ పట్టదు, చిన్న మేకు గీత చాలు. కొన్న వెంటనే టీకా వేయించాలి. జోరీగలు కుట్టి వచ్చే సర్రా జబ్బులో జ్వరం వచ్చి పోతుంటుంది, పొట్ట కింద, కాళ్ళలో నీరు చేరుతుంది, మేత తింటున్నా గుర్రం చిక్కిపోతుంది. సాయంత్రం పూట పాకలో పొగ వేసే పాత అలవాటు ఆ జోరీగలకు మంచి మందు. గ్లాండర్స్ అనే జబ్బు మనుషులకూ సోకుతుంది. ముక్కులోంచి చిక్కటి చీము, చర్మం కింద గడ్డలు కనబడితే గ్రామాధికారికో పంచాయతీకో చెప్పడం 2009 నాటి చట్టం ప్రకారం తప్పనిసరి.

దుక్కికి పనికొస్తుందా అని అడిగేవాళ్ళున్నారు. ఐరోపా, అమెరికాల్లో పెద్ద గుర్రాలు మడక లాగాయి, అమెరికాలో ఆమిష్ రైతుల్లో చాలామంది ఇవాళ్టికీ వాటితోనే సాగు చేస్తున్నారు. కానీ ఆ గుర్రాలు మన పొట్టి గుర్రం కంటే మూడు నాలుగింతల బరువుంటాయి. వాటి మెడకు భుజాల మీద ఆనే మెత్తటి పట్టెడ వేస్తారు. మన కాడి ఎద్దు మూపురానికి ఆనేట్టు చెక్కింది. దాన్నే గుర్రం మెడకు తగిలిస్తే ఊపిరి గొట్టం నొక్కుకుపోతుంది. మన కొండ చెలకలో దుక్కి ఎద్దుకే వదిలేయడం న్యాయం. గుర్రం పని సంతకూ చేనుకూ మధ్య దారిలో ఉంది.

దేశమంతటా గుర్రాలు తగ్గిపోతున్నాయి. 2012 పశుగణనలో ఆరు లక్షలకు పైగా ఉన్న గుర్రాలూ పొట్టి గుర్రాలూ 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. మార్వాడీ, కాఠియావాడీ, మణిపురి, స్పితి, జన్‌స్కారి వంటి జాతుల మీద హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం పని చేస్తోంది. మన కొండల పొట్టి గుర్రం గురించి, దాని గంత గురించి, ఆ జారుముడి గురించి కూడా ఎవరైనా శ్రద్ధగా రాసిపెట్టాలని నా కోరిక. మోటారు రోడ్డు వచ్చిన ఊళ్ళో గుర్రం ముందు పోతుంది, గంత కుట్టే చేయి ఆ వెనకే పోతుంది. చేయి పోయాక పక్క ఊళ్ళో కొత్తగా గుర్రం కొన్న కుర్రవాడికి నేర్పే మనిషి మిగలడు.

అందుకే కొనదలచినవాళ్ళకు నేను చెప్పేది ఇదీ. కుర్ర గుర్రం జోలికి పోకండి. అయిదేళ్ళు దాటి ముందు పళ్ళన్నీ మార్చుకున్నది, ఆ దారులు తెలిసినది చూసుకోండి. దారి తెలిసిన గుర్రం కొత్త మనిషికి చాలా నేర్పుతుంది, ఏ గెడ్డలో ఎక్కడ అడుగు వేయాలో అదే చూపిస్తుంది. గుర్రం మందలో బతికే జంతువు కాబట్టి ఒంటరిగా కట్టేయకుండా ఇంకో గుర్రమో కనీసం ఆవో మేకో కనుచూపులో ఉండే చోట ఉంచండి. సంతలో వీపు మీద చేయి జరపండి, తెల్ల వెంట్రుకలు వెతకండి. నాలుగు కాళ్ళూ ఎత్తించి వాసన చూడండి. ఆ తర్వాత అమ్మేవాణ్ణే మీ కళ్ళ ముందు బరువు కట్టమనండి. ఎక్కడ చేయి వేస్తున్నాడో, ఏ ముడి ఎటు వైపు వదులుతున్నాడో చూడండి, తోక కింది తాడుకు గుడ్డ చుట్టి ఉందో లేదో చూడండి. కట్టాక అర కిలోమీటరు ఎగువకు నడిపించి, దిగువకు తీసుకురమ్మనండి. దింపి గంత తీశాక వంగి వీపు చూసి, అప్పుడు బేరం మొదలుపెట్టండి. కుదిరితే గుర్రంతో పాటు ఆ గంతనూ అడిగి తెచ్చుకోండి. ఆ ఒంటికి సరిపడేట్టు ఏళ్ళ తరబడి గడ్డి తీసి, గడ్డి కూరి సరిచేసుకుంటూ వచ్చిన గంత అది. కొత్తది మీ చేత్తో కుట్టుకునే దాకా అదే మీకు కొలత.